ఆళ్లగడ్డలో తారు పట్టీ

మా రంపచోడవరం వైపు నుంచి నంద్యాల, ఆళ్లగడ్డ చూసి వచ్చినవాళ్లు నాకు తెలిసి ఎవరూ లేరు. తిరిగి వచ్చిన రోజు నుంచి మా టేకు మొక్కల నర్సరీలో ఆడవాళ్లు ఒకటే ప్రశ్నలు. అక్కడ అన్నం తింటారా, తాగడానికి నీళ్లుంటాయా, మనుషులు కొడతారా అని. ఒక్కొక్కరికీ చెప్పుకుంటూ పోతే వర్షాలు మొదలవుతాయి. నలభై దాటాక నేర్చుకున్న అక్షరాలు చేతిలో ఉన్నాయి కదా అని ఒకచోట రాసి పెడుతున్నాను.

ముందు నా పని ఏమిటో చెప్పాలి. అడవి శాఖ టేకు ప్లాంటేషన్లలో చెట్లకు గుర్తులు పెట్టించే మేస్త్రిని నేను. టేకు మొక్కల్ని దగ్గర దగ్గరగా నాటుతారు. పదిహేను ఇరవై ఏళ్లకు అవి ఒకదాన్నొకటి నొక్కుకుంటాయి. అప్పుడు బక్కవాటినీ వంకరవాటినీ కొట్టేసి, బాగున్న వాటికి చోటివ్వాలి. ఏది ఉండాలో ఏది పోవాలో చూసి, పోవలసిన చెట్టుకు ఛాతీ ఎత్తున తారుతో చుట్టూ పట్టీ వేయిస్తాను. ఆ వెనుక గొడ్డళ్లవాళ్లు వస్తారు.

మా దగ్గర పనిచేసిన రేంజరుగారు ఒకరు బదిలీ మీద నంద్యాల వైపు వెళ్లారు. ఆళ్లగడ్డ దగ్గర నల్లమల కింద ఇరవై ఏళ్ల టేకు ప్లాంటేషన్ ఒకటి ఉందనీ, దాన్ని పలచన చేయించాలనీ, ఆ పని తెలిసినవాళ్లు అక్కడ లేరనీ ఉత్తరం రాశారు. పది రోజులు వచ్చి చేయించమన్నారు. పని సవ్యంగా జరిగితే, మా దగ్గర ఖాళీగా ఉన్న ప్లాంటేషన్ వాచర్ పోస్టుకు నన్ను తీసుకోమని రాసి పంపుతానన్నారు. మా వైపు ఆ పోస్టులో ఆడమనిషిని ఇంతవరకూ వేయలేదు. రోజు కూలి మేస్త్రికీ, నెల జీతం వాచర్‌కూ ఎంత తేడానో కూలి చేసినవాళ్లకు చెప్పక్కర్లేదు. మాఘమాసంలో బయలుదేరాను.

నంద్యాల

గుంటూరు నుంచి చిన్న రైలు. నల్లమలలోకి వచ్చాక అది ఎద్దుబండిలాగా నడిచింది. నాకు అదే కావాలి. కిటికీ దగ్గర కూర్చుని మద్ది, ఏగి, వెదురు అని చెట్లను పేరుపేరునా పలకరించుకుంటూ వచ్చాను. సొరంగం రాగానే రైలు పెట్టెలో ఉన్న పిల్లలంతా ఒక్కసారిగా కేకలు వేశారు. నేనూ వేశాను. చీకట్లో ఎవరికి తెలుస్తుంది?

నంద్యాలలో దిగి చూస్తే అంతా రాయి. మా వైపు గుమ్మం, దడి, అరుగు మీద బల్ల, అన్నీ కర్రే. ఇక్కడ నేల మీద నాపరాళ్లు, గోడకు నాపరాళ్లు, దొడ్డికి దడి కట్టాలన్నా నాపరాళ్లే నిలబెట్టేశారు. చెదపురుగు ఈ ఊరు వస్తే ఆకలితో చస్తుంది.

స్టేషను బయట ఒక ముసలామె హోటల్లో కూర్చున్నాను.

"ఏం కావల్ల?" అంది.

"టిఫిను ఏముందండి?"

"ఉగ్గాని."

"అదేమిటండి?"

"తిను. తెలుస్తాది."

బొరుగులు నీళ్లలో తడిపి, పిండి, పోపులో వేసి, పుట్నాల పొడి చల్లి ఇచ్చింది. పక్కన మిరపకాయ బజ్జీలు. మొదటి బజ్జీ కొరకగానే నా కళ్లలోంచి నీళ్లు కారిపోయాయి. ముసలామె చెంబు నా ముందు పెట్టి, "ఏడుస్తా ఏడుస్తా తినేదానికేనమ్మా బజ్జీ" అంది. ప్లేటు రూపాయి. మా వైపు ఆ రూపాయికి నాలుగు ఇడ్లీలు వస్తాయి గానీ కడుపు నిండదు. ఇది తిన్నాక మధ్యాహ్నం దాకా ఆకలి మాటే లేదు.

"వస్తానండి" అని లేచాను.

"అండీ అండీ అంటాండావ్, నేనేమన్నా కలెక్టరునా?" అంది. కానీ నవ్వింది. అక్కడివాళ్ల మాట మొదట దెబ్బలాగా తగులుతుంది. వెంటనే మొహం చూడాలి. మొహం వేరేగా ఉంటుంది.

బస్టాండులో బస్సుల బోర్డులు నేనే చదువుకుంటానని పట్టుబట్టాను. ఎవరినీ అడగలేదు. ఒక బోర్డు మీద 'ఆ' చదివాను, 'ళ్ల' దగ్గర కాసేపు ఆగాను, 'గడ్డ' దాకా వచ్చి సంతోషంగా తల దించేసరికి బస్సు గేటు దాటిపోయింది. తర్వాతి బస్సుకు గంటన్నర. ఆ గంటన్నరలో బస్టాండులో ఉన్న బోర్డులన్నీ చదివేశాను. పాణ్యం, శ్రీశైలం, దొర్నిపాడు. డబ్బులు లేకుండా అన్ని ఊళ్లూ తిరిగినట్టయింది.

ఆళ్లగడ్డ

ఆళ్లగడ్డలో రోడ్డు పక్కన శిల్పులు కూర్చుని దేవుళ్లను చెక్కుతుంటారు. తల వచ్చి కాళ్లు రాని హనుమంతుడు, ఇంకా రాయిలోనే ఉన్న నరసింహస్వామి, పూర్తయి గడ్డి చుట్టుకుని లారీ కోసం ఎదురుచూసే అమ్మవారు. ఉలి చప్పుడు ఊరంతా వినిపిస్తుంది. మూరెడు నరసింహస్వామి ఎంత అని అడిగితే నా పది రోజుల కూలి చెప్పారు.

"చెక్కుతుండగా ముక్కు విరిగితే ఏం చేస్తారండి?" అని ఒకాయనను అడిగాను.

ఆయన ఉలి ఆపకుండా, "ఇంకా చిన్న దేవుణ్ణి చేస్తామమ్మా" అన్నాడు.

రేంజరుగారి జీపులో కొండ కిందనున్న ఊరికి వెళ్లాను. ఆడకూలీలకు పెద్ద మార్తమ్మ, ఆమె ఇంట్లోనే నా బస. వయసు ఇంచుమించు నాదే. భర్త లేడు. కూతురికి పెళ్లయిపోయింది. గోడ మీద బైబిలు వాక్యాల క్యాలెండరు, కింద జొన్నల కుండ, పక్కన కోళ్ల గంప. అంత చిన్న ఇంట్లోనూ నాకొక మంచం ఉంది, తను కింద పడుకుంటానంది. వద్దంటే, "మూసుకోని పండుకోక్కా" అంది. అదీ మర్యాదే.

రాత్రి జొన్న రొట్టెలు, చెనిక్కాయల ఊరిబిండి, అంటే వేరుశనగ పచ్చడి. రొట్టె నేనూ తడతానని కూర్చున్నాను. మా వైపు బియ్యపు పిండి తప్ప తెలియదు. నా రొట్టె పెనం దాకా వెళ్లకుండానే మూడు ముక్కలైంది.

"దీన్ని ఎవురు తింటారక్కా? ఎద్దుకు పెట్టు" అంది మార్తమ్మ. తర్వాత తనే ఆ ముక్కలు కాల్చుకుని తింది.

కొండ కింద

ప్లాంటేషన్ ఊరికి మైలు దూరం. నాటినవాళ్లు నాటి వెళ్లిపోయారు, ఆ తర్వాత ఎవరూ గొడ్డలి పెట్టలేదు. టేకాకులు ఎండి రాలి మోకాలి దాకా పరుచుకున్నాయి. అడుగు వేస్తే అప్పడాల బస్తాలో నడిచినట్టు చప్పుడు. చెట్లు మాత్రం మంచివి. నేల పొడిదైనా కొన్ని బాణంలాగా ఎక్కాయి.

గుర్తులు పెట్టడానికి నేను, మార్తమ్మ, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు. ఒకరు టేపు, ఒకరు తారు డబ్బా, మార్తమ్మ చేతిలో కుంచె. ఏ చెట్టో నేను చెప్పాలి, నంబరు పుస్తకంలో నేను రాయాలి. చెట్టు మొదలు చూసి ఏమీ చెప్పలేం. మెడ వెనక్కి వంచి తల చూడాలి. తలకు ఎండ అందుతుందా, పక్కదాని కింద నలుగుతుందా అన్నదే లెక్క. మొదటి రోజు మార్తమ్మ నన్నే చూస్తూ నడిచింది. పదో చెట్టు దగ్గర, "ఓస్, ఇంతేనా! జొన్నచేలో ఒత్తు పీకినట్ల గదా" అంది. "సాలులో ఒత్తుగా మొలిస్తే బక్కదాన్ని పీకి బలిసినదాన్ని ఇడుస్తాం. ఇదీ అంతే. దీనికి రేంజరు యాలక్కా?"

ఆ తర్వాత నేను చెప్పకముందే ఆమె కుంచె సరైన చెట్టు దగ్గరకు వెళ్లేది. మూడు రోజుల్లో ఆరువందల నలభై చెట్లకు పట్టీలు వేశాం. ఇంత బాగా జరిగిన మార్కింగ్ మా వైపు కూడా నేను చూడలేదు.

శనివారం సాయంత్రం గొడ్డళ్లవాళ్ల మేస్త్రి ఓబులేసు చూడటానికి వచ్చాడు. ఎర్ర తలగుడ్డ, దానికి తగ్గ మీసం. ఆయన కింద పద్దెనిమిది మంది. ఆ చుట్టుపక్కల కట్టెల కూపులన్నీ, అంటే పొయ్యి కట్టెల కోసం సర్కారు కొట్టించే అడవి ముక్కలన్నీ, వాళ్లే కొట్టారు. చెట్ల మధ్య తిరిగి చూశాడు.

"తారు బాగా పూసినావ్ మేస్త్రమ్మా. అయితే అన్నీ బక్కవాటికే పూసినావేందీ?"

"అవునండి, బక్కవాటికే" అన్నాను.

ఆయన నా వైపు ఒకసారి, చెట్ల వైపు ఒకసారి చూశాడు. "సరేలే. సర్కారు పని. మనకేం" అని వెళ్లిపోయాడు. ఇంత చూశాడు, పని తెలిసినవాడే అని నేను నిశ్చింతగా పడుకున్నాను.

ఆదివారం

ఆదివారం సగం మంది కూలీలు చర్చికి వెళతారు కాబట్టి పని లేదు. మార్తమ్మతో నేనూ వెళ్లాను. చెప్పులు బయట విడిచి లోపల చాపల మీద ఆడవాళ్లు ఒక పక్క, మగవాళ్లు ఒక పక్క కూర్చున్నారు. గొడ్డళ్లవాళ్ల కాళ్లూ చేతులూ కాపాడమని పాస్టరు అయ్యగారు ప్రార్థన చేశారు. పాటలయ్యాక ఎవరికి పండింది వాళ్లు తెచ్చి ముందు పెట్టారు. జొన్నలు, సొరకాయలు, ఒక కోడి. అవన్నీ అక్కడే వేలం వేశారు. వేలమంటే పంతం. అర్ధరూపాయి సొరకాయ ఇద్దరు వియ్యంకుల మధ్య చిక్కి మూడున్నర దాకా పోయింది. ఓడిపోయిన వియ్యంకుడు, "కొనుక్కున్నావ్ గదా, కడుపు పగిలేట్ల తిను" అనబోయి, అయ్యగారిని చూసి, "దేవుని సొమ్ము, బాగా తిను" అన్నాడు. మా నర్సరీలో పాత గంపలు అమ్మాలన్నా ఇంత ఉత్సాహం చూడలేదు.

సోమవారం

పని మొదలుపెట్టే ముందు మొదటి చెట్టుకు పూజ చేయడం అక్కడా ఉంది, మా దగ్గరా ఉంది. మేం వెళ్లేసరికి ఓబులేసు ఒక చెట్టుకు పసుపు రాసి కుంకుమ పెడుతున్నాడు. ప్లాంటేషన్ మొత్తంలో అంత నిటారైన చెట్లు పది ఉంటాయేమో, అది వాటిలో ఒకటి. దానికి పట్టీ లేదు. పూజకు మంచి చెట్టును ఎంచుకున్నాడనుకున్నాను. కొబ్బరికాయ కొట్టి, గొడ్డలి తీసి, ఆ చెట్టుకే ఎత్తాడు.

"ఆగండి! దానికి తారు లేదు కదండీ!"

"లేదు. అందుకే గదా కొడతాండా."

నాకు అర్థం కాలేదు. ఆయనకు నేను అర్థం కాలేదు. పక్కనున్నవాళ్లంతా నవ్వు మొదలుపెట్టారు.

"తారు పట్టీ ఉంటే ఎవురన్నా కొడతారామ్మా?" అన్నాడు ఓబులేసు. "ఇరవై ఏండ్ల నుంచి కొడతాండాం. పట్టీ ఉండేది ఇడవల్ల, లేనిది కొట్టల్ల."

అప్పుడు తెలిసింది. కట్టెల కూపులో పద్ధతి వేరు. అక్కడ అడవంతా కొట్టేసి, విత్తనానికి కొన్ని చెట్లు మాత్రం ఉంచుతారు. ఉంచేవి తక్కువ కాబట్టి వాటికే పట్టీ వేస్తారు. ఓబులేసువాళ్లు పుట్టి బుద్ధెరిగి కొట్టినవన్నీ కట్టెల కూపులే. నేను పుట్టి బుద్ధెరిగి చూసినవన్నీ టేకు పలచనలే.

"మరి మంచివన్నీ కొట్టి బక్కవి వదలమంటే మీకు విచిత్రంగా లేదా అండీ?"

"యాల? మంచి మాను అమ్ముకుంటే సర్కారుకు దుడ్లొస్తాయి గదా. అందుకనే అనుకుంటి."

అంతలో ప్లాంటేషన్ అవతలి కొస నుంచి చెట్టు పడిన చప్పుడు. ఓబులేసు తమ్ముళ్లిద్దరు పూజకు ఆగకుండా ముందే పోయి పని మొదలుపెట్టారట. నేను పరిగెత్తాను. ఎండుటాకుల చప్పుడులో నా కేక నాకే సరిగా వినపడలేదు. "ఆపండి బాబూ, ఆపండి!" అని అరుస్తున్నాను. అండీ, బాబూ అనేసరికి వాళ్లు తమను కాదు, ఎవరినో పెద్దమనిషిని పిలుస్తున్నాననుకున్నారట. వెనక నుంచి మార్తమ్మ వచ్చి, "రేయ్! గొడ్డళ్లు కింద పెట్టండ్రా!" అని ఒక్క అరుపు అరిచింది. కొండలో పక్షులు కూడా ఆగిపోయాయి.

అప్పటికే మూడు పడ్డాయి. మూడూ మొదటి రకం చెట్లు. ఇంకో ఇరవై ఏళ్లు ఉంచితే ఇంటికి దూలాలయ్యేవి. మొద్దుల మీద తడి ఇంకా ఆరలేదు. ఆ పక్కనే నా పట్టీలతో బక్క చెట్లు క్షేమంగా నిలబడి ఉన్నాయి. నేను ఆ ఆకుల్లోనే కూర్చున్నాను. వాచర్ పోస్టు, రేంజరుగారి మాట, అన్నీ ఆ మూడు మొద్దుల మీదే కనిపించాయి.

ఓబులేసు తలగుడ్డ విప్పి దులిపి మళ్లీ చుట్టుకున్నాడు. ఆయనకూ భయమే. మంచి టేకు కొట్టారని తెలిస్తే మళ్లీ ఆ ముఠాకు సర్కారు పని ఇవ్వరు.

"మేస్త్రమ్మా, మొద్దులకు ఇంత తారు పూస్తే సరి. ఎవురికి తెలుస్తాది?" అన్నాడు మెల్లగా.

నిజమే, తెలియదు. తారు డబ్బా నా పక్కనే ఉంది. కాసేపు దాని వైపే చూశాను. తర్వాత డబ్బా మూత పెట్టేశాను. "ముందు మిగిలిన చెట్లను కాపాడదాం పదండి" అన్నాను.

పట్టీ ఉంటే కొట్టాలి, లేకపోతే వదలాలి అని పద్దెనిమిది మందితోనూ పదిసార్లు చెప్పించాను. అందరూ అప్పజెప్పారు. అరగంటకు చూస్తే ఓబులేసే పట్టీ లేని చెట్టు ముందు గొడ్డలి ఎత్తి నిలబడి ఉన్నాడు. తనే గుర్తొచ్చి ఆగాడు. "తలకాయకు తెలుసు మ్మా. చెయ్యి ఇనకుండాది" అన్నాడు.

అప్పుడు మార్తమ్మ ఆడకూలీలందర్నీ పిలిచింది. కొమ్మలు మోయడానికి వచ్చిన వాళ్లంతా జొన్నచేలలో ఒత్తు పీకినవాళ్లే. ఒక్కో గొడ్డలి ముందు ఒక్కో ఆడమనిషిని నిలబెట్టింది. ఆమె తల చూసి, పట్టీ చూసి, చెట్టు మీద చెయ్యి వేసి పక్కకు తప్పుకుంటే తప్ప గొడ్డలి లేవకూడదు.

"ఆడది సూపిస్తే కొట్టల్నా మేము?" అన్నాడొకడు.

"ఇంట్లో ఎవురు సూపిస్తే తింటాండావ్ అన్నం?" అంది మార్తమ్మ.

ఆ రోజంతా, తర్వాతి రెండు రోజులూ ఒక్క మంచి చెట్టుకు గాటు పడలేదు. పైగా పని కూడా వేగంగా సాగింది. ముందు నడిచే ఆడమనిషి వెనక్కి తిరిగి, "ఏందీ, ఇంకా పడలేదా?" అంటుంటే ఏ మగవాడు నెమ్మదిగా కొడతాడు?

కాగితం

మంగళవారం మధ్యాహ్నం అన్నం తిన్నాక పుస్తకంలోంచి కాగితం చింపి రాశాను. పేర్లూ అంకెలూ కాక నేను సొంతంగా రాసిన మొదటి కాగితం అదే.

'రేంజరుగారికి. సోమవారం పొద్దున పట్టీ లేని మంచి చెట్లు మూడు కొట్టారు. మా వైపు పట్టీ ఉంటే కొడతాం. ఇక్కడ పట్టీ ఉంటే వదులుతారు. ఆ సంగతి నేను ముందు అడగలేదు. తప్పు నాది. ఓబులేసు తప్పేమీ లేదు. అతని మనుషులు తెలిసిన పని తెలిసినట్టు చేశారు.'

బుధవారం రేంజరుగారు వచ్చారు. కాగితం చదివి, వెళ్లి మూడు మొద్దులూ చూసి, వచ్చి మళ్లీ చదివారు. ఓబులేసు దూరంగా నిలబడి మీసం కొరుక్కుంటున్నాడు.

"వీళ్ల పద్ధతి నాకు రెండేళ్లుగా తెలుసు" అన్నారు రేంజరుగారు చివరికి. "మీ పద్ధతి అంతకు ముందే తెలుసు. రెండూ తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. రమ్మని ఉత్తరం రాశాను గానీ ఈ ఒక్క ముక్క రాయలేదు." జేబులోంచి పెన్ను తీసి నా రాత కింద, 'ముందుగా చెప్పవలసినవాణ్ణి నేను. చెప్పలేదు' అని రాసి సంతకం చేశారు.

పోస్టు సంగతి అడగడానికి నాకు నోరు రాలేదు. మార్తమ్మకు వచ్చింది.

"సారూ, మరి ఈయమ్మ ఉద్యోగం సంగతేందీ?"

"అనుకున్నట్టే రాస్తాను. ఈ కాగితం కూడా దానికి జత చేసి పంపుతాను. చదివి ఇస్తే ఇస్తారు, లేకపోతే లేదు. దాచి ఇప్పించలేను."

"అలాగేనండి" అన్నాను.

ఓబులేసు ముఠా మాత్రం పనిలోనే ఉంది. మిగిలిన రోజుల్లో ఆరువందల నలభై చెట్లూ పడ్డాయి. చివరి సాయంత్రం వెళ్లి చూస్తే నిలిచిన చెట్లన్నీ వదులుగా, ఒళ్లు విరుచుకున్నట్టున్నాయి. ఎండ నేల దాకా దిగింది.

బస్టాండు

ఇంటికి వచ్చిన నెలకు వాచర్ ఉత్తర్వు వచ్చింది. రెండు రాతలూ ఉన్న ఆ కాగితం చదివాకే పైవాళ్లు సంతకం పెట్టారని గుమాస్తా చెప్పాడు. ఆ వార్త మార్తమ్మకు కార్డు రాసి పంపాను, ఊళ్లో పంతులమ్మ చేత చదివించుకుంటుంది. కానీ ఎవరైనా ఆళ్లగడ్డ అంటే నాకు ముందు గుర్తొచ్చేది ఉత్తర్వు కాదు, బయలుదేరిన రోజు బస్టాండు.

మార్తమ్మ దారికని ఎనిమిది రొట్టెలు కట్టింది. బస్సెక్కి కూర్చున్నాను. కిటికీ దగ్గరకు ఓబులేసు వచ్చాడు.

"మేస్త్రమ్మా, ఆ కాగితంలో నా పేరు రాసినావంట గదా."

"రాశానండి."

"ఏమని?"

"ఓబులేసు తప్పేమీ లేదు అని."

ఆయన ఆ మాట నోట్లోనే ఒకసారి అనుకున్నాడు. "తప్పేమీ లేదనా? పెండ్లయి ముప్పై ఏండ్లాయె, నా పెండ్లామే ఆ మాట ఎన్నడూ అన్లేదు." కిటికీ ఊచ పట్టుకున్నాడు. "ఇంకొకటి రాసియ్యి మ్మా. ఇంట్లో సూపిస్తా."

డ్రైవరు హారన్ కొడుతున్నాడు. ఒళ్లో పుస్తకం పెట్టుకుని ఒక కాగితం చింపి, పెద్ద పెద్ద అక్షరాలతో 'ఓబులేసు తప్పేమీ లేదు' అని రాసి, కింద సంతకం పెట్టి ఇచ్చాను. అందులో తన పేరు ఎక్కడుందో వేలు పెట్టి చూపించమన్నాడు. చూపించాను. కాగితం నాలుగు మడతలు పెట్టి తలగుడ్డలో దోపుకుని, బస్సు కదులుతుంటే వెనకనుంచి అరిచాడు.

"తేదీ వెయ్యలేదు గదా? మంచిదాయె. ఎన్నేండ్లయినా పనికొస్తాది!"